సీసా మీద లకుముకి

వంకలూ వాగులూ ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి ఉండే సీమ ఇది. అయినా ఊరి పొలిమేరలో, హైవే పక్కన, బస్టాండు వెనక సందులో ఒక నీటి పిట్ట వాలి ఉంటుంది. ఎవరు గీశారు దాన్ని? ఇంత దూరం ఎలా వచ్చింది? మధ్యలో అయిదేళ్లు ఎక్కడికి పోయింది?

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కర్నూల్లో నంద్యాల చెక్‌పోస్టు దాటాక రోడ్డు పక్కన వైన్ షాపు. ముందు ఇనుప జాలీ, జాలీలో చెయ్యి పట్టేంత కిటికీ, కిటికీ కింద కడప బండ. వేల మోచేతులు రుద్దీ రుద్దీ ఆ నల్ల బండ అద్దంలా నున్నబడింది.

"అన్నా, రెండు కేఎఫ్. కూలింగ్ ఉండాదా?"

లోపలి నుంచి జవాబు రాదు, సీసాలే వస్తాయి. గోధుమరంగు సీసా, 650 మిల్లీలీటర్లు. ఫ్రిజ్‌లోంచి బయటపడ్డ నిమిషానికే దానికి ఒళ్లంతా చెమట పడుతుంది. ఆ తడికి కాగితం లేబుల్ అంచు లేస్తుంది. బొటనవేలితో నెడితే జిగురు మీద అడ్డంగా జారుతుంది. లేబుల్ మీద రెక్కలు విప్పిన పిట్ట. నీలం వీపు, నారింజ పొట్ట, ఒంటికి మించిన ముక్కు. సీసా కొన్నవాడు దాని వంక చూడనైనా చూడడు. రోజూ వచ్చే బస్సు బోర్డును ఎవరు చదువుతారు? దూరం నుంచే తెలిసిపోతుంది.

నేను అక్కడికి వెళ్లింది ఆ పిట్టను చూడటానికే. నమ్మితే నమ్మండి.

దాని పేరు లకుముకి. సీసా మీది ఇంగ్లీషులో కింగ్‌ఫిషర్, కౌంటర్ దగ్గర కేఎఫ్. చెరువు గట్టున, కాలువ మీది కరెంటు తీగ మీద కూర్చుని, ఉన్నట్టుండి రాయిలా నీళ్లలో పడి చేపతో లేచే పిట్ట. ఈ నేలకు సొంత పిట్టలు వేరే ఉన్నాయి. రోళ్లపాడు గడ్డి బీళ్లలో తిరిగిన బట్టమేక పిట్ట ఒకటి. దానికోసమే 1988లో అక్కడ అభయారణ్యం వెలిసింది. కడప వైపు సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పొదల్లో కలివికోడి ఇంకొకటి. లోకంలో ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986 జనవరిలో మళ్లీ దొరికి, పక్షుల శాస్త్రవేత్తలకు నిద్ర లేకుండా చేసింది. రెండూ మన్ను రంగువే. రాళ్ల మధ్య, ముళ్ల పొదల మధ్య కంటపడకుండా బతకడం వాటికి అలవాటు. ఆ రెండింటినీ కళ్లారా చూసినవాళ్లు వేళ్ల మీద లెక్క. మడుగులో చేపలు పట్టే నీలి పిట్ట మాత్రం మండలానికి పది చోట్ల కనిపిస్తోంది.

ఏ గుర్తు?

లోగోను పండితులు చిహ్నం అంటారు, ముద్ర అంటారు. జనం వాడే మాట గుర్తు. మన భాష ఆ ఒక్క మాటలో రెండు పనులు పెట్టింది. కంటికి కనిపించేదీ గుర్తే, మనసులో నిలిచేదీ గుర్తే. "ఏ గుర్తు?" అని అడుగుతాం, "గుర్తుందా?" అనీ అడుగుతాం. కంపెనీలు కోట్లు పోసి లోగోలు గీయించుకునేది ఈ రెండో ప్రశ్నకు జవాబు రావాలనే. గొర్రె చెవికి గాటు పెట్టి, ఎద్దు తొడ మీద వాత పెట్టి సంతకు తోలిన తాతలకు ఇది కొత్త విద్యేమీ కాదు. ఇంగ్లీషువాళ్ల బ్రాండ్ అనే మాట పుట్టింది కూడా కాల్చిన ఇనుము పెట్టిన వాతలోంచే.

1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల్లో అక్షరం రాని కోట్లమంది ఓటు వేయడానికి గుర్తులు పెట్టారు. అప్పటినుంచి సీమ పల్లెల గోడల మీద బొమ్మలకు కరువు లేదు. ఫ్లెక్సీలు రాకముందు ఎన్నికల గోడ రాసిందీ, వైన్ షాపు బోర్డు రాసిందీ చాలాచోట్ల ఒకే చెయ్యి. ఎలక్షన్ల నెలలో పార్టీ గుర్తులు, మిగతా పదకొండు నెలలు ఎరువుల కొట్టు, టైలర్ షాపు, మందు షాపు.

కర్నూలు వన్‌టౌన్‌లో అలాంటి పెయింటర్ ఒకాయన నాకు పరిచయం. కుంచె వదిలి చాలా కాలమైంది. లకుముకిని ఎలా వేసేవాడివని అడిగితే నోటితో చెప్పలేదు, మనవడి నోట్‌బుక్కు తెప్పించుకున్నాడు. లేబుల్ మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, రేకు మీద అవే గళ్లు సుద్దతో పెద్దవిగా కొట్టి, గడి గడికీ గీత దించేవారట. సుద్ద రాసిన దారం రెండు వైపులా లాగి పట్టి చిటికేస్తే తిన్నని గీత పడుతుంది. పిట్ట మొత్తం ఒకెత్తు, ముక్కు ఒకెత్తు. "ముక్కు పొట్టిదైతే పిచ్చుక, లావైతే కాకి, వంగిందంటే చిలక" అన్నాడాయన. ఎనామిల్ పెయింటు ఆరేలోపు నీలంలోకి పచ్చ లాగాలి. ఆలస్యమైతే మచ్చ పడుతుంది, తొందరపడితే రెండూ కలిసిపోతాయి. నోట్‌బుక్కు మీద ఆయన వేసిన పిట్ట కంపెనీ పిట్టలా లేదు. కాస్త బొద్దుగా, కాస్త కోపంగా ఉంది. నాకు అదే నచ్చింది.

ఎర్ర త్రికోణం

బీరుకు గుర్తు పెట్టడమనే పని ప్రపంచంలో ఎంత పాతదో చూడాలంటే ఒక తేదీ దగ్గరికి వెళ్లాలి. 1876 జనవరి 1. బ్రిటన్‌లో ట్రేడ్‌మార్కుల నమోదు చట్టం అమల్లోకి వచ్చిన రోజు. రిజిస్టరులో మొదటి నంబరు ఒక బీరు గుర్తుకు దక్కింది. బర్టన్ అపాన్ ట్రెంట్ అనే ఊళ్లోని బాస్ కంపెనీ వాడిన ఎర్ర త్రికోణం అది. మొదటి నంబరు కోసం ముందు రాత్రే తన ఉద్యోగిని ఆఫీసు గుమ్మం ముందు కాపలా పెట్టిందని చెప్పుకుంటారు. కొత్త సినిమా మొదటి ఆటకు మన కుర్రాళ్లు లైను కట్టినట్టన్నమాట. రెండో నంబరు కూడా బాస్ గుర్తే.

మూడు గీతలు, ఒక రంగు. పీపా మీద వేసినా, సీసా మీద అంటించినా, ఓడరేవులో మూటలు మోసే మనిషి అరక్షణంలో పోల్చుకుంటాడు. దాన్ని మించిన డిజైన్ బీరు లోకంలో నూటయాభై ఏళ్లలో రాలేదని నా అభిప్రాయం. 1882లో ఫ్రెంచి చిత్రకారుడు మానే ప్యారిస్‌లోని ఫోలీ బెర్జేర్ బారును చిత్రించాడు. కౌంటర్ వెనక దిగులుగా నిలబడ్డ అమ్మాయి, ఆమె ముందు సీసాల వరుస. అందులో బాస్ సీసాల మీద ఆ ఎర్ర త్రికోణం ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. అక్షరాలు ఎవరూ చదవనక్కర్లేదు.

మన పల్లెల్లో కూడా ఎర్ర త్రికోణం ఒకటి ఉండేది. తలకిందులుగా, ఆరోగ్య కేంద్రం గోడ మీద. 1960ల్లో మొదలైన కుటుంబ నియంత్రణ ప్రచారపు గుర్తు. ఆ రోజుల్లో మా సీమ అవ్వ ఎవరికైనా బాస్ సీసా చూపించి ఉంటే "ఆపరేషన్ చేసేవాళ్లు మందు కూడా పోస్తాండారా?" అని అడిగేది. ఒకే ఆకారం ఒక చోట బీరు, ఇంకో చోట ఇద్దరు పిల్లలు చాలన్న మాట. గుర్తుకు సొంత అర్థమంటూ ఉండదు, చుట్టూ ఉన్నవాళ్లే పెడతారు.

ఐర్లండ్ గిన్నిస్ కథ ఇంకో రకం. ఆ కంపెనీ 1862 నుంచి లేబుల్ మీద వీణలాంటి హార్ప్ వాద్యాన్ని వేసుకుంది, 1876లోనే దాన్ని రిజిస్టరు చేయించింది. తర్వాత 1922లో స్వతంత్ర ఐర్లండ్ ఏర్పడి అదే వాద్యాన్ని రాజముద్రగా పెట్టుకోవాలనుకుంటే, బీరు కంపెనీ ముందే కూర్చుని ఉంది. చివరికి ప్రభుత్వ వాద్యం ఒక వైపుకు, బీరు వాద్యం ఇంకో వైపుకు తిరిగి ఉండేట్టు కుదిరింది. ఒక దేశం ఒక సీసా కోసం పక్కకు తిరిగి కూర్చుంది.

కంపెనీ బండ్లు, కంపెనీ కాలువ

1800లో నిజాం తన దగ్గర ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలన్న పేరు అలా వచ్చింది. కర్నూలు 1839లో కంపెనీ చేతిలో పడింది. బళ్లారిలో కంటోన్మెంటు. తెల్ల సిపాయికి ఎండ పడదు, నీళ్లు పడవు, బీరు మాత్రం కావాలి. ఇంగ్లండు నుంచి పీపాలు ఓడల్లో వచ్చేవి. అది గిట్టుబాటు కాక, చల్లగా ఉండే కొండల మీద ఇక్కడే బీరు కాయడం మొదలుపెట్టారు. నీలగిరుల్లో క్యాజిల్ బ్రూవరీ 1857 నాటిది. దాన్నీ బెంగళూరు చుట్టుపక్కల మరి కొన్నింటినీ 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండు మనిషి ఒక్కటి చేశాడు. పేరుకు తగ్గట్టే యునైటెడ్ బ్రూవరీస్. పెద్ద పెద్ద పీపాలు ఎద్దుల బండ్ల మీద పల్టన్లకు వెళ్లేవి.

కొండల మీద బీరు కాయడం మొదలైన కాలంలోనే ఇంకో కంపెనీ ఇక్కడ వేరే పని పెట్టుకుంది. 1863లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వడం మొదలుపెట్టింది. పడవలు తిప్పి సరుకు రవాణా మీద డబ్బు చేసుకుందామని వాళ్ల ఆశ. పడవలూ నడవలేదు, లాభమూ రాలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసింది. అదే ఇవాళ మనం కేసీ కెనాల్ అంటున్నది, మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. పడవ కోసం తవ్విన కాలువలో వరి నీళ్లు పారాయి, చేపలు పెరిగాయి, గట్టు మీది తీగల మీదికి లకుముకులు చేరాయి. బీరు కంపెనీ బొమ్మగా వేసుకున్న పిట్టకు నీటి కంపెనీ ఇల్లు కట్టిపెట్టినట్టయింది. ఈ రెండు కంపెనీలకూ ఒకదాని ఊసు ఒకదానికి లేదు.

1947లో విఠల్ మాల్యా యునైటెడ్ బ్రూవరీస్‌లో తొలి భారతీయ డైరెక్టరయ్యారు, మరుసటి ఏడాది చైర్మన్. కంపెనీ రాజముద్ర మాత్రం గ్రీకు పురాణాల నుంచి తెచ్చుకున్న రెక్కల గుర్రం. కర్నూల్లో వందమందిని ఆపి అడిగితే ఆ గుర్రం సంగతి ఒక్కరికి తెలిస్తే గొప్ప. పాత కాగితాల్లో పడి ఉన్న కింగ్‌ఫిషర్ అనే పేరును బయటికి తీసి 1978లో మార్కెట్లో పెట్టింది విఠల్ కొడుకు విజయ్ మాల్యా. గుర్రం కాగితాల మీద ఉండిపోయింది, పిట్ట సీసా మీదికెక్కింది.

దేశంలో సింహం, గద్దలాంటి పౌరుషం గల జంతువులు లేబుళ్ల మీద ఉండగా, అరచేతిలో ఇమిడే పిట్టకు ఇంత పేరెలా వచ్చింది? నాకు తోచిన కారణం రంగు. గోధుమ రంగు గాజు మీద నీలం, నారింజ పక్కపక్కన పడితే కన్ను అక్కడే ఆగుతుంది. రంగుల చక్రంలో అవి ఎదురెదురు కూర్చునేవి. ప్రకృతి ముందే వేసి పెట్టిన లోగో అది.

ఇక్కడో తిరకాసు. మన కాలువల మీద ఎక్కువగా కనిపించే లకుముకి వేరు. గోధుమ తల, తెల్ల రొమ్ము, ఎర్ర ముక్కు, కాస్త పెద్ద ఒళ్లు. సీసా మీదిది నారింజ పొట్ట గల చిన్న లకుముకి, పిచ్చుకంతే ఉంటుంది. అదీ మన దగ్గర ఉంది, ఓపిగ్గా చూస్తే దొరుకుతుంది. ఇంకొందరైతే సీసా పిట్టను పాలపిట్ట అనుకుంటారు. నీలి రెక్కలు కనిపిస్తే చాలు, దసరా నాడు దండం పెట్టే పిట్టే గుర్తొస్తుంది మనవాళ్లకు. పండగ పూట పాలపిట్ట కనపడక, దండం దీనికే పెట్టేశామని జోకులేసే బ్యాచ్ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది.

ఈ నీలానికో విచిత్రం ఉంది. లకుముకి ఈకలో నీలి రంగు పదార్థం లేదు. ఈక లోపలి సూక్ష్మమైన అల్లిక వెలుతురును చెదరగొట్టి నీలంగా చూపిస్తుంది. రాలిన ఈకను నలిపి పొడి చేస్తే నీలం మాయమవుతుంది. ప్రెస్సులో ఈ మాయ పనిచేయదు, సిరా పోయాల్సిందే. అందుకే ఏ లేబుల్ మీది పిట్టకైనా కాలువ మీది పిట్ట మెరుపు రాదు.

రెండు రకాల డ్రై

రాయలసీమను డ్రై ఏరియా అన్నప్పుడు బయటివాళ్లకు కరువు ఒక్కటే తోస్తుంది. ఇంకో డ్రై కూడా ఈ జిల్లాలకు బాగా తెలుసు.

1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. మరుసటి ఏడే, 1938లో, అది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. దేశంలో మందు మొదట ఆగిపోయిన జిల్లాల్లో కడప ఒకటన్నమాట. కర్నూలు కథ ఇంకా రంజైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది, ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఏడాది తిరక్కముందే మద్యనిషేధం మీద గొడవ. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒప్పుకోలేదు. కల్లుగీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న పట్టుబట్టారు. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం ఓటుకొచ్చింది. ప్రభుత్వం ఒక్కటంటే ఒక్క ఓటుతో పడిపోయింది. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల తిరిగే కుర్రాళ్లకు ఈ కథ చెబితే, బడిలో ఇదెందుకు చెప్పలేదని అడుగుతారు.

1960ల చివర నిషేధం సడలింది. ఆ తర్వాత పల్లెను ఏలింది బీరు కాదు, సారా. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే దాన్ని ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోసి పంపింది. పంటితో కొరికి నోట్లో వంచుకునే ఆ ప్యాకెట్‌కు బొమ్మతో పని లేకపోయింది. పోల్చుకోవడానికి రెండో రకం ఉంటే కదా! సారా మీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు. అక్షరదీపం రాత్రిబడి పాఠాల్లో చదువుకున్న కథ ఒకటి వాళ్లను కదిలించింది. బొమ్మ లేని ప్యాకెట్‌ను అక్షరం ఓడించింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బంద్, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం. ఆ రెండేళ్లూ కర్నాటక సరిహద్దు పల్లెలకు రాత్రిళ్లు నిద్ర లేదు. 1997 ఏప్రిల్‌లో నిషేధం ఎత్తేశారు.

బ్రాండుల కాలం అసలు మొదలైంది అప్పుడే. నాకౌట్ మీద బాక్సర్లు, హేవర్డ్స్ మీద 5000 అంకె, కింగ్‌ఫిషర్ మీద పిట్ట. ఇంగ్లీషు రానివాడికి బాక్సర్లు కిక్కును చూపించారు, అంకె బలాన్ని చూపించింది. పిట్ట ఏమీ చూపించలేదు, ఊరికే అందంగా ఉంది. 1999లో కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్ వచ్చాక ఆ అందానికి కిక్కు కూడా తోడైంది. స్ట్రాంగ్ అంటే ఎర్ర లేబుల్. తాపీ పనివాళ్లు, లారీ డ్రైవర్లు, రాళ్ల గనుల కూలీలు దాన్నే పట్టుకున్నారు. అదే సీసా ఇంట్లో మంచం కింద దొరికినప్పుడు ఆడవాళ్లు చూసే చూపు వేరు. ఆ పిట్ట వాలిందంటే ఆ వారం కూలి డబ్బులు ఎగిరిపోయినట్టే. డిజైనర్లు ఈ అర్థాన్ని లెక్కలో వేసుకోరు.

ప్రకటన లేని ప్రకటన

2000 సంవత్సరంలో కేబుల్ టీవీ నిబంధనలు మార్చి మద్యం ప్రకటనలు ఆపేశారు. సీసాను చూపించకూడదు, తాగమని చెప్పకూడదు. అప్పటినుంచి పిట్టకు రెట్టింపు పని పడింది. సీసా లేకపోయినా పిట్ట ఉంటే చాలు. నీళ్ల బాటిల్ మీద పిట్ట, క్రికెటర్ల జెర్సీల మీద పిట్ట, 2003లో మొదలైన ఈత దుస్తుల క్యాలెండరు మీద పిట్ట. చివరికి విమానం మీద కూడా. 2005 మేలో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ ఎగిరింది, 2012 అక్టోబరులో నేలకు దిగి మళ్లీ లేవలేదు. 2016 మార్చిలో అప్పుల గొడవ మధ్య మాల్యా దేశం దాటారు. కడప విమానాశ్రయం 2015లో, కర్నూలుకు ఓర్వకల్లులో 2021లో తెరిచారు. అంటే విమానం తోక మీది పిట్ట ఈ రెండు ఊళ్లలోనూ ఒక్కసారైనా వాలకుండానే ముగిసిపోయింది. ఇక్కడివాళ్లకు అది ఎప్పుడూ సీసా పిట్టే.

యజమాని మునిగినా పిట్టకు ఏమీ కాలేదు. 2021లో డచ్చి కంపెనీ హైనెకెన్ యునైటెడ్ బ్రూవరీస్‌లో మెజారిటీ వాటా తీసుకుంది. హైనెకెన్ వాళ్ల లోగోలో ఎర్ర నక్షత్రం ఉంటుంది, e అక్షరాలు నవ్వుతున్నట్టు కాస్త వెనక్కి వంగి ఉంటాయి. ఆ నవ్వును తెచ్చి మన పిట్టకు అతికించకపోవడం వాళ్ల తెలివి.

పిట్ట ఎగిరిపోయిన అయిదేళ్లు

2019 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో మందు దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. మొత్తం 3,500. 2020 మేలో ధరలు రెండు విడతల్లో మొత్తం 75 శాతం పెరిగాయి. ధరల కంటే జనం ఎక్కువ మాట్లాడుకున్నది లేబుళ్ల గురించి. అలవాటైన సీసాలు చాలా దుకాణాల్లో కనపడకుండా పోయాయి. వాటి చోట బూమ్ బూమ్, ప్రెసిడెంట్ మెడల్, గోల్డ్ మెడల్, స్పెషల్ స్టేటస్. ప్రత్యేక హోదా ఢిల్లీ నుంచి రాలేదు గానీ సీసాలో వచ్చిందని అనుకోని సీమవాడు లేడు. ఏ లేబుల్‌కు ఎవరి హయాంలో అనుమతి వచ్చిందని అధికార, ప్రతిపక్ష పార్టీలు రెండూ జాబితాలు విసురుకున్నాయి. సీసా మీది గుర్తు ఎన్నికల గుర్తుల మధ్య గొడవైంది. మన రాష్ట్రంలో తప్ప ఇంకెక్కడా లేబుల్ డిజైన్ మీద ఇంత చర్చ జరిగి ఉండదు.

ఆ లేబుళ్లను నేను దగ్గరగా చూశాను. మెరిసే బంగారు రంగు, లావు అక్షరాలు, పతకాలు, కిరీటాలు. అన్నీ గొప్ప చెప్పుకునేవే. ఏదీ కళ్లు మూసుకుంటే మనసులో మిగలదు. గుర్తు మొదటి అర్థం ఉంది, రెండో అర్థం లేదు.

కర్నూలువాళ్లకు ఒక దారి ఉండేది. తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. పుల్లూరు టోల్‌గేటు అవతల అలంపూర్ చౌరస్తా వైపు పాత గుర్తులు వరుసగా నిలబడి ఉండేవి. ఇటు పంచలింగాల చెక్‌పోస్టులో బ్యాగులు తెరిపించేవాళ్లు. పెళ్లికి వెళ్లి వస్తున్న కార్ల డిక్కీల్లో, బైకు సీట్ల కింద లకుముకులు నది దాటాయి. ప్యాంటు జేబులో సీసా మెడ కనపడకుండా చొక్కా బయటికి వదలడం అప్పట్లో ఒక ఫ్యాషన్.

2024 అక్టోబరు 16న ప్రైవేటు దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి, లాటరీ తీసి 3,396. మొదటి వారం కొన్ని షాపుల ముందు పిట్ట బొమ్మ ఫ్లెక్సీకి దండ వేసి ఫొటోలు దిగారు. మూడు నెలలు కాకముందే, 2025 జనవరి 8న, బకాయిలు, ధరల గొడవతో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపింది. కొన్నాళ్లు నది అవతలివాళ్ల వంతు వచ్చింది.

లేబుల్ అనే కాగితం ముక్క ఎంత బరువైందో సర్కారు ఆఫీసుల్లో తిరిగినవాళ్లకే తెలుసు. ప్రతి బ్రాండూ ప్రతి రాష్ట్రంలోనూ తన లేబుల్‌కు అనుమతి తీసుకోవాలి. మన దగ్గర ఆ పని చూసేది మద్యనిషేధ, అబ్కారీ శాఖ. ఆపడం, అమ్మించడం రెండూ ఒకే బోర్డు మీద రాసుకున్న శాఖ అది. కోతి బొమ్మతో పేరు తెచ్చుకున్న బీరా 91 కంపెనీ, షేర్ మార్కెట్‌కు వెళ్లే ముందు తన పేరులోంచి ప్రైవేట్ అనే ఒక్క మాట తీసేసింది. దాంతో పాత లేబుళ్లు చెల్లలేదు. రాష్ట్రం రాష్ట్రానా మళ్లీ రిజిస్ట్రేషన్లు, నెలల తరబడి అమ్మకాలు బంద్. 80 కోట్ల రూపాయల సరుకు వదులుకోవాల్సి వచ్చింది. కోతిని మార్చలేదు, రంగు మార్చలేదు. అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట, అంతే.

లేబుల్ అడుగున ఇంకో చిన్న అక్షరాల వరస ఉంటుంది, తాగడం ఆరోగ్యానికి హానికరమని. 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. అక్షరం ఎత్తు 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పిట్ట దానికి ఎన్ని రెట్లు ఉంటుందో తడి లేబుల్ మీద బొటనవేలు పెట్టి కొలుచుకోవచ్చు.

కాలువ గట్టున

సీసా ఖాళీ అయ్యాక పాత సామాన్లవాడి గోతంలోకి పోతుంది, కడిగి మళ్లీ నింపడానికి. లేబుల్ వేడినీళ్లలో ఊడిపోతుంది. మిగిలేది మూత. 1892లో బాల్టిమోర్‌లో విలియం పెయింటర్ అనే ఆయన పేటెంటు తీసుకున్న మూత అది. మొదట 24 పళ్లు, ఇప్పుడు 21, ఓపిక ఉంటే లెక్కపెట్టండి. మా చిన్నప్పుడు దాన్ని రాయితో చదును చేసి, మేకుతో రెండు బెజ్జాలు పొడిచి, దారం దూర్చి లాగితే బిర్రుమని తిరిగేది. తిరిగేటప్పుడు మూత మీది బొమ్మ చెరిగి రంగుల చక్రమయ్యేది. మాకు బ్రాండులన్నీ తెలిసింది అలాగే, ఒక్క చుక్క తాగకుండా.

పోయిన నెల ఉదయాన్నే కేసీ కెనాల్ దగ్గరికి వెళ్లాను, వినాయక్ ఘాట్ వైపు. నీళ్లు వదిలిన వారం. గట్టు మీద బట్టలుతికేవాళ్లు, గాలం వేసుకుని ఒక పెద్దాయన, ఆయన పక్కన పదేళ్ల పిల్లోడు. ఎదురుగా వేలాడే తీగ మీద చిన్న లకుముకి, నారింజ పొట్టది. చాలాసేపు కదల్లేదు. ఎండ పడితే వీపు నీలం, మబ్బు కమ్మితే బూడిద.

"ఆ పిట్ట పేరేంది రా?" అని పిల్లోణ్ని అడిగాను.

వాడు నన్నో అమాయకుణ్ని చూసినట్టు చూశాడు.

"కేఎఫ్ సార్."

పెద్దాయన గాలం వైపు చూస్తూనే నవ్వాడు. పిట్ట నీళ్లలోకి రాయిలా పడింది. ఖాళీ ముక్కుతో లేచి, ఒళ్లు దులుపుకుని, మళ్లీ ఆ తీగ మీదే కూర్చుంది.